గాలా, మూసా? బెంగళూరు డర్ట్ బైకుల టైరు లెక్క

ఆదివారం తెల్లారకముందే కె.ఆర్.పురం తీగల వంతెన దాటి ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీదుగా హోస్కోటె వైపు వెళ్లే బండ్లలో రెండు రకాల డర్ట్ బైకులు కనిపిస్తాయి. కొన్ని బొలెరో పికప్పుల్లో, టాటా ఏస్‌లలో నిలబెట్టి బెల్టులతో బిగించి ఉంటాయి. వాటికి నంబర్ ప్లేటు ఉండదు, హెడ్‌లైటు ఉండదు. మిగతావి తమ చక్రాల మీద తామే పోతుంటాయి. అవి హీరో ఎక్స్‌పల్స్‌లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌లు. వాటి వెనక సీటుకు బ్యాగు, బ్యాగుకు హెల్మెట్టు కట్టి ఉంటాయి. గంటన్నర తిరక్కుండానే రెండు రకాలూ కోలార్ జిల్లాలో ఒకే గరుసు నేల మీద, ఒకే బండరాళ్ల మధ్య దుమ్ము రేపుతుంటాయి. పైకి టైర్లు కూడా ఒకేలా ఉంటాయి, పెద్ద పెద్ద బొడిపెలతో. తేడా టైరు లోపల ఉంది. పికప్‌లో వచ్చిన బండికి లోపల గాలి లేకపోవచ్చు. గాలికి బదులు గుండ్రటి నల్లని ఫోమ్ చుట్ట ఒకటి దూర్చి ఉండొచ్చు. దాన్ని ఇక్కడి రైడర్లు మూస్ అంటారు.

రెండిట్లో ఏది మంచిదన్న చర్చ ప్రతి టీ బ్రేకులో నడుస్తుంది. పంక్చర్ కాదు కాబట్టి మూస్ గొప్పదని ఒకరంటారు. ఒక్క మూస్ డబ్బుతో ఏడాదికి సరిపడా ట్యూబులు వస్తాయని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమే. కానీ అసలు తేల్చాల్సిన విషయం ఒకటుంది. బండి ట్రాక్ దాకా ఎలా వచ్చింది? ఏ ట్రాక్ మీద ఎంత బాగా నడుపుతారన్నది ఆ తరవాతి మాట.

ముందు గాలి సంగతి చూద్దాం. బండిలో మొదటి స్ప్రింగ్ టైరే. రాయి తగిలినప్పుడు షాకబ్జార్బర్ కదిలే లోపే ఆ దెబ్బలో కొంత టైరు మింగేస్తుంది. పట్టు కూడా గాలి చేతిలోనే ఉంది. ఒక మోటోక్రాస్ (మట్టి ట్రాక్ పోటీల) బండి 110 కిలోలు, హెల్మెట్టూ బూట్లతో కలిపి రైడర్ 85 కిలోలు అనుకుంటే వెనక చక్రం మీద పడేది దాదాపు 100 కిలోలు. టైరులో 13 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని) గాలి ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.9 కిలోల బరువు మోస్తుంది. అంటే నేలకు ఆనే భాగం 110 చదరపు సెంటీమీటర్లు, దగ్గర దగ్గర అరచేయంత. అదే టైరులో 26 పీఎస్ఐ కొడితే అరచేయి కాస్తా సగమవుతుంది. టైరు గోడలు కూడా కొంత బరువు మోస్తాయి కాబట్టి ఇది అచ్చంగా ఇంతే అని చెప్పే లెక్క కాదు, కానీ దారి ఇదే. కోలార్ వైపు నేల చాలాచోట్ల గ్రానైట్ పలక, దాని మీద గోళీల్లా దొర్లే గరుసు. అక్కడ అరచేయి, సగం అరచేయి మధ్య తేడా మలుపు తిరగడానికీ మోకాలు చీరుకుపోవడానికీ మధ్య ఉన్న తేడా.

అందుకే డర్ట్‌లో అందరూ గాలి తగ్గించి నడుపుతారు. 12 నుంచి 15 పీఎస్ఐ మామూలు. పెట్రోల్ బంకులో ఆ అంకె చెబితే గాలి పట్టే కుర్రాడు నమ్మడు. "పన్నెండా? ఇరవై రెండా సార్?" అని ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. అతని అనుమానంలో అర్థం లేకపోలేదు. గాలి తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుంది, దాంతోపాటే ఇంకో ప్రమాదమూ పెరుగుతుంది. వేగంగా వెళ్తూ రాతి అంచును గుద్దితే టైరు రిమ్ము దాకా అణిగిపోతుంది. కింద రాయి, పైన రిమ్ము, మధ్యలో ట్యూబు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. విప్పి చూస్తే ట్యూబుకు పక్కపక్కనే రెండు చిన్న గాట్లు ఉంటాయి, అచ్చం పాము కాటులా. ఆ గాట్లు కనిపిస్తే ముల్లును తిట్టుకోనక్కర్లేదు, తప్పు గాలిది. ఇక సర్కారు తుమ్మ ముళ్ల సంగతి సరేసరి. చెరువు కట్టల వెంట, పాత క్వారీల చుట్టూ ఆ చెట్టు లేని దారి దొరకదు. 4 మిల్లీమీటర్ల మందం ఉన్న హెవీ డ్యూటీ ట్యూబు వేస్తే బాధ తగ్గుతుంది, పోదు. చక్రం బరువు పెరగడం మాత్రం ఖాయం.

గాలితో ఇంకో తిరకాసు, అది పెట్టినచోట ఉండదు. డిసెంబరు పొద్దున 18 డిగ్రీల చలిలో 13 పీఎస్ఐ పెట్టి మొదలుపెడితే, నడిచి నడిచి టైరు లోపల 50 డిగ్రీలకు చేరేసరికి గేజి 16 దగ్గర ఉంటుంది. ఊరు మారినా అంతే. చెన్నైలో 12 పెట్టి బండిని పికప్‌లో బెంగళూరు తెస్తే, ఎవరూ ముట్టుకోకుండానే గేజి పదమూడున్నర చూపిస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, బయటి గాలి ఒత్తిడి ఆ మేరకు తక్కువ. అదే బండి లేహ్ చేరితే ఇంకో నాలుగు దాకా పెరుగుతుంది. 30 పీఎస్ఐతో రోడ్డు మీద తిరిగేవాళ్లకు ఇవేమీ పట్టవు. 12, 13 దగ్గర తిరిగేవాళ్లకు ఒకటిన్నర అంటే చాలా ఎక్కువ. అందుకే గేజి జేబులో పెట్టుకుని, ట్రాక్ దగ్గరికి వచ్చాకే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలుస్తారు.

మూస్ ఈ చికాకులన్నిటికీ ఒకేసారి జవాబుగా వచ్చింది. మిషెలిన్ కంపెనీ 1984లో పారిస్-డాకర్ ర్యాలీ కోసం దీన్ని తెచ్చింది. ఎడారి మధ్యలో ట్యూబు మార్చుకుంటూ కూర్చుంటే పోటీ అక్కడే అయిపోతుంది కాబట్టి అసలు పంక్చరే కాని టైరు కావాలనుకున్నారు. పేరు బిబ్ మూస్. మూస్ అంటే ఫ్రెంచిలో నురగ. ఇందిరానగర్ బేకరీల్లో గ్లాసులో వేసి అమ్మే చాక్లెట్ మూస్ కూడా ఇదే మాట. బిబ్ అన్నది ఆ కంపెనీ తెల్ల టైర్ల బొమ్మ బిబెండమ్ పేరు లోంచి వచ్చింది.

ఫోమ్ అనగానే పరుపు గుర్తొస్తుంది కానీ ఇది ఆ జాతి కాదు. పరుపు ఫోమ్‌లో రంధ్రాలన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, నొక్కితే గాలి బయటికి పోతుంది. మూస్‌లో ప్రతి గదీ విడిగా మూసుకుని ఉంటుంది. బ్యూటైల్ రబ్బరులో లెక్కలేనన్ని బుడగలు, వాటి లోపల నైట్రోజన్. పార్సిళ్లకు చుట్టే బుడగల షీటు గుర్తు తెచ్చుకుంటే చాలు. సూది దించితే ఆ ఒక్క బుడగ పగులుతుంది, పక్కది పగలదు. తుమ్మ ముల్లు దిగినా, మేకు దిగినా మూస్‌కు పట్టింపు ఉండదు. రాయికీ రిమ్ముకూ మధ్య నలిగినా చిరగడానికి అక్కడ ట్యూబే లేదు.

మరి ఒత్తిడి ఎక్కణ్నుంచి వస్తుంది? టైరు లోపలి ఖాళీ కన్నా మూస్‌ను కొంచెం పెద్దదిగా చేస్తారు. దాన్ని కుక్కి ఎక్కించినప్పుడు అది బయటికి తన్నుతుంది. ఆ తన్నుడే గాలి చేసే పని చేస్తుంది. మామూలు ఎండ్యూరో (కొండలు, అడవిదారుల్లో సాగే దూరపు పోటీ) మూస్ కొత్తలో సుమారు 0.9 బార్, అంటే 13 పీఎస్ఐ గాలితో సమానం. గేజి పెట్టి చూడ్డానికి వాల్వే ఉండదు. బొటనవేలితో టైరును నొక్కి చూసి చెప్పాల్సిందే.

ఇంతవరకూ లాభమే. నష్టం పేరు వేడి.

చక్రం తిరిగిన ప్రతిసారీ నేలకు ఆనిన చోట మూస్ నలుగుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ పొంగుతుంది. 18 అంగుళాల వెనక టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు రెండు మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 చుట్లు. అంటే మూస్‌లో ఏ ముక్కను తీసుకున్నా సెకనుకు 11 సార్లు పిసుకుడు పడుతోందన్నమాట. 60 కిలోమీటర్ల హైవే ప్రయాణంలో అది 30 వేల సార్లు. పిసికిన ప్రతిసారీ రబ్బరులో కొంచెం వేడి పుడుతుంది. మూస్‌కూ టైరు లోపలి గోడకూ మధ్య రాపిడిలో ఇంకొంత. గాలి అయితే ఆ వేడిని తిప్పి తిప్పి రిమ్ముకు అందిస్తుంది, రిమ్ము బయటికి వదిలేస్తుంది. ఫోమ్ ఆ పని చేయదు. వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచడమే దాని గుణం, ఐస్ పెట్టెలకు ఫోమ్ వాడేది అందుకే. వేడి లోపలే పేరుకుని, బుడగల గోడలు మెత్తబడి, ఒక్కొక్కటే చిట్లుతాయి. మొదట బండి వెనక భాగం ఊగినట్టు అనిపిస్తుంది. తరవాత మూస్ ముద్దలు ముద్దలుగా విరుగుతుంది. టైరు విప్పితే నల్లటి పొడి, జిగురు, అక్కడక్కడా ముక్కలు. ప్యాచ్ వేయడానికి అక్కడ ఏమీ మిగలదు. పంక్చర్ బాధ వదిలించుకోబోయి ఇది తెచ్చుకున్నట్టు. తోక పోయి కత్తి వచ్చె ఢాం ఢాం ఢాం అన్న కోతి కథలో కూడా కోతికి ప్రతి బేరం మొదట లాభంగానే కనిపిస్తుంది.

కొత్తవాళ్లకే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. అదే డాకర్ ర్యాలీ, చోటు మారి, 2015లో అర్జెంటీనాలో మొదలైంది. రెండో స్టేజ్‌లో, మండే ఎండలో, స్పెయిన్ రైడర్ మార్క్ కోమా వెనక మూస్ దెబ్బతిని పది నిమిషాలకు పైగా కోల్పోయాడు. ప్రపంచంలో అందరికన్నా అనుభవం ఉన్న ర్యాలీ రైడర్లలో ఒకడు, ఫ్యాక్టరీ బండి, ఫ్యాక్టరీ మెకానిక్కులు. అయినా అంతే. తరవాతి రోజుల్లో పుంజుకుని ఆ ర్యాలీ అతనే గెలిచాడు, అది వేరే సంగతి. బెంగళూరు వాళ్లకు ఆ ఏడాది ఇంకో కారణంతో గుర్తుంటుంది. ఈ ఊరి సి.ఎస్. సంతోష్ 36వ స్థానంలో ముగించి, డాకర్ పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు. కోలార్ జిల్లాలోని బిగ్ రాక్ డర్ట్ పార్క్ ఆయన పెట్టిందే. ఇవాళ మూస్ గురించి వాదించుకునే కుర్రాళ్లలో చాలామంది నిలబడి నడపడం నేర్చుకున్నది అక్కడే. సరిహద్దు దాటగానే వచ్చే హోసూరులోని టీవీఎస్ కంపెనీ ఫ్రాన్సు కంపెనీ షెర్కోతో కలిసి దింపిన బండి మీద 2024లో కేరళ రైడర్ హరిత్ నోవా డాకర్‌లో ర్యాలీ2 (అగ్రశ్రేణి తరవాతి) తరగతి గెలిచి, మొత్తం మీద 11వ స్థానంలో నిలిచాడు. అంటే మూస్ ఇక్కడివాళ్లకు పేపర్లో చదివే వింత వస్తువు కాదు. చేతులతో ఎక్కించి దించినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు.

అయితే డాకర్‌లో పెద్ద టీముల వెనక లారీలు నడుస్తాయి. రాత్రికి బండి టెంటు చేరగానే మూస్ తీసి చూస్తారు, అనుమానం వస్తే కొత్తది వేస్తారు. మారతహళ్లి పీజీలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడికి వెనక లారీ ఉండదు. శనివారం రాత్రి పార్కింగ్‌లో ఫోన్ టార్చి వెలుతురులో చేసుకోవాల్సిందే. ఆ పని దగ్గరనుంచి చూసినవాళ్లకు మూస్ మీద మోజు సగం తగ్గుతుంది.

టైరును ముందు ఎండలో పెట్టి మెత్తబరుస్తారు. మూస్‌కు జెల్ పూస్తారు. పూస్తారంటే తలకు నూనె రాసినట్టు కాదు, ఊరగాయ ముక్కలకు నూనె పట్టించినంత దండిగా, లోపలి గోడలకు కూడా. ఆ జెల్ సిలికాన్ రకం అయ్యుండాలి. షెడ్డులో ఉన్న గ్రీజో, ఇంజన్ ఆయిలో రాస్తే బ్యూటైల్ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. జెల్ ఎండిపోతే రాపిడి, రాపిడితో వేడి. కాబట్టి టైరు మార్చిన ప్రతిసారీ కొత్త జెల్ పడాలి. తరవాత మూస్‌ను టైరులో కుక్కి, ఆ మొత్తాన్నీ రిమ్ము మీదికి తేవాలి. ట్యూబు అయితే గాలి లేకుండా అణిగి మణిగి ఉంటుంది. మూస్ అణగదు. ఒక పక్క మోకాలితో తొక్కిపెట్టి, టైరు అంచును రిమ్ము మధ్య గాడిలోకి దింపి, మూడు లీవర్లతో అంగుళం అంగుళం లాగాలి. ఆత్రంగా పెద్ద పట్టు పడితే లీవరు ఎగిరి చేతి మీద కొడుతుంది. జెల్ చేతులకు అంటుకుని పట్టు జారుతుంటుంది. అలవాటు లేనివాళ్లకు ఒక చక్రానికి గంట. ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ఎండ్యూరోలో రైడరే, ఎవరి చెయ్యీ పడకుండా, తన టైరు తాను మార్చుకోవాలి. అక్కడ చేయి తిరిగినవాళ్లు ఇదే పని నిమిషాల్లో ముగిస్తారు. చూస్తే మాయలా ఉంటుంది గానీ అది వందల టైర్ల సాధన.

మూస్‌లో ఒత్తిడి మార్చుకోలేకపోవడం రెండో పెద్ద లోటు. పొద్దున వాన పడి ఎర్రమన్ను జారుడుబండ అయితే ట్యూబు ఉన్నవాళ్లు వాల్వు నొక్కి రెండు పీఎస్ఐ వదిలేస్తారు, పని అయిపోతుంది. మూస్‌కు ఆ వీలు లేదు. అనుభవం ఉన్నవాళ్లు దీనికో ఉపాయం పట్టారు. మూస్ వాడేకొద్దీ బుడగల్లోని వాయువు కొంత కొంత పోయి అది చిక్కుతుంది, మెత్తబడుతుంది. కొత్తలో 13 ఉన్నది కొన్నాళ్లకు 10, 9 లాగా నడుస్తుంది. దాన్ని పారేయకుండా నీడపట్టున దాచి, రాళ్ల ఎక్కుడు ఉన్న పోటీకి తీస్తారు. పాత బియ్యానికి ఉన్నంత గౌరవం ఉంటుంది పాత మూస్‌కి. కొందరు కొత్త మూస్‌కే డ్రిల్లుతో వరసగా రంధ్రాలు వేసి మెత్తబరుస్తారు. మరీ చిక్కిపోతే పాత మూస్ ముక్కను పక్కన కుక్కి సర్దుతారు. ఇదంతా రెండు మూడు జతల చక్రాలు ఉన్నవాళ్ల వ్యవహారం. ఒక్క బండి, ఒక్క జత చక్రాలు ఉన్నవాళ్లకు మాత్రం పోటీ రోజు టైరు మెత్తదనం వాళ్ల చేతుల్లో ఉండదు, మూస్ వయసు చేతిలో ఉంటుంది. బండిని స్టాండు మీద ఎత్తి పెట్టకపోతే ఆ వయసు ఇంకా త్వరగా మీద పడుతుంది. వారాల తరబడి ఒకేచోట బరువు మోస్తే అక్కడ అణిగిపోతుంది.

మధ్యేమార్గాలు లేకపోలేదు. ట్యూబ్లిస్ అనేది ఒకటుంది. రిమ్ము చుట్టూ సన్నటి గొట్టంలో 100 పీఎస్ఐకి పైగా గాలి నింపితే అది టైరు అంచులను రిమ్ముకు అదిమి పట్టేస్తుంది, బయటి గదిలో గాలిని ఎంత కావాలంటే అంతకు దించుకోవచ్చు. రిమ్ముకు ఇంకో రంధ్రం వేయాలి, నడిపే ప్రతిరోజూ గొట్టంలో గాలి సరిచూసుకోవాలి. ఇదీ రోడ్డుకు ఉద్దేశించింది కాదు. మామూలు ట్యూబ్‌లెస్ టైర్లు హైవేకు హాయి. ముల్లు దిగితే స్ట్రిప్ దోపి వెళ్లిపోవచ్చు. 12 పీఎస్ఐ దగ్గర రాయికి పక్కవాటుగా గుద్దుకుంటే మాత్రం అంచు రిమ్మును వదిలేసి గాలంతా ఒక్కసారి పోతుంది.

ఇప్పుడు మళ్లీ ఓల్డ్ మద్రాస్ రోడ్డుకు వద్దాం. మూస్‌లు పోటీకి మాత్రమేనని, రోడ్డుకు పనికిరావని తయారుచేసేవాళ్లే చెబుతారు. అది కంపెనీ తన జాగ్రత్త కోసం రాసుకున్న మాట అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. పైన చెప్పిన 30 వేల పిసుకుళ్ల లెక్క వాళ్లకోసమే. ట్రాక్ మీద మూస్‌కు ఊపిరి దొరుకుతుంది. మలుపులో వేగం తగ్గుతుంది, గాల్లోకి లేస్తుంది, బురద తగిలి చల్లబడుతుంది. హైవే మీద గంటసేపు ఒకే వేగం, ఒకే పిసుకుడు, కింద కాలే తారు. కోలార్‌లో రెండు గంటల సరదా కోసం పోను రాను 120 కిలోమీటర్లు మూస్ మీద నడిపితే, మూస్ అరిగేది ట్రాక్ మీద కాదు, హోస్కోటె టోల్ దగ్గర. విదేశాల్లోనే ఒక్కోటి నూరు డాలర్లు దాటే వస్తువు. ఇక్కడికి వచ్చేసరికి రవాణా, సుంకం కలుస్తాయి. డబ్బు పోతే పోయింది. లారీల మధ్య 80లో పోతుండగా వెనక చక్రం లోపల ఫోమ్ ముక్కలైతే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

కాబట్టి పికప్‌లో వచ్చే బండికి, పోటీల్లో దిగే బండికి మూస్ వేయడం తెలివైన పనే. ఆరు నెలలు సాధన చేసి, ఊరు దాటి వెళ్లి, మూడో ల్యాప్‌లో తుమ్మ ముల్లుతో ఇంటికి రావడం కన్నా ఏ ఖర్చైనా చిన్నదే. బండ్లు గేటు దాటని శిక్షణ ట్రాకులకూ అంతే, ఒక్క పంక్చర్‌తో పదిమంది క్లాసు ఆగిపోకూడదు. ఇంటినుంచి నడుపుకుంటూ వచ్చే ఎక్స్‌పల్స్‌కు మాత్రం ట్యూబే. మందపాటి ట్యూబు, వెనక టైరు జారకుండా దాని అంచును రిమ్ముకు అదిమిపట్టే రిమ్ లాక్, బ్యాగులో చిన్న పంపు. హైవే మీద 28, గేటు దగ్గర దిగి వాల్వు పిన్నును తాళంచెవితో నొక్కి ఉస్సుమని 14 దాకా వదలడం. ముల్లు దిగితే బెంగళూరు విడిభాగాల బజారు జె.సి.రోడ్డులో తేలిగ్గా దొరికే ట్యూబు. మూస్ లేదని చిన్నబోవాల్సిన పనేమీ లేదు. ఆ వేగానికి ట్యూబు చాలు. మూస్ అవసరమయ్యేంత గట్టిగా రాళ్లను గుద్దే రైడర్లు పార్కులో ఏ ఆదివారమైనా వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు.

తిరుగు ప్రయాణంలో ఒక చిన్న పని ఉంది, చాలామంది మరిచిపోతారు. తక్కువ గాలితో థ్రాటిల్ తిప్పి తిప్పి నడిపినప్పుడు టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జారుతుంది, లోపలి ట్యూబును కూడా లాక్కెళ్తుంది. వాల్వు రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని పక్కకు వాలుతుంది. అందుకే తెలిసినవాళ్లు వాల్వు నట్టును రిమ్ముకు బిగించరు, పైన మూతకు ఆనించి వదులుగా ఉంచుతారు, వాలితే కంటికి తెలియడానికి. మధ్యాహ్నం గేటు దగ్గర పంపు తగిలించే ముందు వంగి చూడాలి. వాల్వు నిటారుగా ఉంటే 28 కొట్టుకుని బయల్దేరవచ్చు. వాలి ఉంటే ఉన్న గాలి కూడా తీసేసి, రిమ్ లాక్ వదులు చేసి, టైరును వెనక్కి జరిపి, మళ్లీ బిగించాలి. ఇరవై నిమిషాల పని. ఎండలో చిరాకే. అలాగే గాలి నింపుకుని వెళ్తే వాల్వు మొదట్లో తెగి గాలంతా ఒక్కసారిగా పోతుంది. మొదట్లో తెగిన వాల్వుకు హైవే పక్కన ఏ పంక్చర్ షాపులోనూ ప్యాచ్ పడదు.